బెంచీలు సరే, బిల్లు ఎన్నాళ్లకి కట్టారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పెద్ద రిటైల్ కంపెనీలు వార్షిక నివేదికలు విడుదల చేసే రోజుల్లో మీ వాణిజ్యం పేజీలో ఒక ఫొటో కనిపిస్తుంది. బడికి బెంచీలు, పక్కన కంపెనీ బ్యానర్. కింద ‘బాధ్యతగా కొంటున్నాం, స్థానికులకు తోడుంటున్నాం’ అని ఓ వాక్యం. బెంచీలిస్తే నాకేం బాధ లేదు, పిల్లలు నేల మీద కూర్చోవడం కన్నా మేలే. కానీ అలాంటి కంపెనీలకి బట్టలు కుట్టిచ్చే ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు ఆర్డర్ల వ్యవహారం చూసే మర్చండైజర్‌గా చేసినవాణ్ని. వాళ్లు కొనే తీరు గురించి చెప్పాల్సింది ఉంది.

ఆర్డరు చేతికొచ్చిన రోజే షిప్‌మెంట్ తేదీ ఖాయమైపోతుంది. రంగు ఒప్పుకోవడానికి మాత్రం వాళ్లకి తొందరుండదు. ల్యాబ్ డిప్ (రంగు వేసి చూపించే చిన్న బట్ట ముక్క) పంపితే ‘ఇంకాస్త ముదురు’ అంటారు. మార్చి పంపితే ‘ఇంత ముదురొద్దు’ అంటారు. ఆలస్యం వాళ్లదైనా తేదీ మారదు. పోయిన రోజులన్నీ కుట్టు లైన్ మీద పడతాయి, రాత్రి పది దాకా ఓటీ (అదనపు గంటల పని). అప్పటికీ ఓడ అందకపోతే సరుకు విమానంలో వెళ్లాలి, ఖర్చు ఫ్యాక్టరీదే. పైన డెబిట్ నోట్ ఒకటి, అంటే మాకు రావాల్సిన డబ్బులో కోత. తర్వాత అదే కంపెనీ తరఫున, పని పరిస్థితులు తనిఖీ చేసే ఆడిటర్ వచ్చి ‘ఓటీ పరిమితి దాటింది’ అని మా మీద రాసి వెళ్తాడు. ఆ ఓటీ ఎందుకొచ్చిందో చెప్పే మెయిల్స్ నా కంప్యూటర్లోనే ఉండేవి. ఏ ఆడిటరూ వాటిని అడగలేదు. అతని ఫారంలో ఆ కాలమే లేదు మరి!

ఆడిట్ మీద నాకు పెద్ద నమ్మకం లేకపోవడానికి మా ఫ్యాక్టరీ ఒక్కటే కారణం కాదు. 2012 సెప్టెంబరులో కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. పని పరిస్థితులు బాగున్నాయని చెప్పే ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ దానికి వచ్చి అప్పటికి కొద్ది వారాలే. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో కుట్టు ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా పోయారు. ముందు రోజే పగుళ్లు కనిపించాయి. కింద ఉన్న బ్యాంకు మూసేశారు, పైనున్న కుట్టుపనివాళ్లని మాత్రం లోపలికి పంపారు. ఆ తర్వాత 200కి పైగా కంపెనీలు కార్మిక సంఘాలతో ఫ్యాక్టరీల భద్రత కోసం ‘అకార్డ్’ ఒప్పందం చేసుకున్నాయి. తనిఖీ నివేదికలు అందరికీ కనబడేలా పెట్టారు. మాట తప్పిన కంపెనీని మధ్యవర్తిత్వానికి లాగే వీలుంది కాబట్టే అది పనిచేసిందని నా అభిప్రాయం.

అన్ని నిబంధనలకీ అంత పదును లేదు. బ్రిటన్ 2015 మోడర్న్ స్లేవరీ చట్టం ప్రకారం 3.6 కోట్ల పౌండ్లు, ఆపైన టర్నోవర్ ఉన్న కంపెనీ తన సరఫరాదారుల దగ్గర వెట్టిచాకిరీ లేకుండా ఏం చేసిందో ఏటా ఒక ప్రకటన ఇవ్వాలి. అందులో ‘ఏ చర్యా తీసుకోలేదు’ అని రాసినా చట్టం ఒప్పుకుంటుంది! యూరోపియన్ యూనియన్ 2019లో, త్వరగా పాడయ్యే వ్యవసాయ సరుకుకి 30 రోజుల్లో డబ్బు కట్టాలంది. చొక్కాలకి అది వర్తించదు.

ఇక స్థానికుల సంగతి. ఆ బడిలో చదివే పిల్లల తల్లుల్లో చాలామంది మా లైన్లలో కుట్టేవాళ్లే. కంపెనీ పీసుకిచ్చే రేటు కాస్త పెంచితే వాళ్ల జీతం పెరిగేది. తేదీ ఓ వారం జరిపితే పొద్దుండగానే ఇల్లు చేరేవాళ్లు. ఆ రెండూ అడిగితే కొనుగోలు విభాగం ‘కుదరదు’ అంటుంది. బెంచీలకి డబ్బిచ్చేది వేరే విభాగం. ఆ ఇద్దరూ ఎప్పుడైనా ఒక గదిలో కూర్చున్నారా అని నాకు అనుమానం. మాకున్న ఒక కొనుగోలుదారుడు మాత్రం సీజన్‌కి చాలా ముందే అంచనాలు పంపి, బట్ట కొనడానికి అడ్వాన్స్ ఇచ్చేవాడు. అతని ఆర్డర్లకి ఓటీ దాదాపు ఉండేది కాదు. పేపర్లో ఫొటో కూడా ఎప్పుడూ వేయించుకోలేదు.

2020 మార్చిలో కరోనా పేరు చెప్పి, తయారై పెట్టెల్లో ఉన్న సరుకుకి కూడా చాలా కంపెనీలు డబ్బు ఆపేశాయి. ఎవరు కడుతున్నారు, ఎవరు కట్టడం లేదు అన్న జాబితాలు బయటికొచ్చాక కొన్ని దిగొచ్చాయి. అందుకే మీకు రాస్తున్నాను. ఇకపై అలాంటి నివేదిక మీ దగ్గరికొస్తే మీ విలేకరి చేత నాలుగు సంగతులు అడిగించండి: సరుకు అందాక ఎన్ని రోజులకి డబ్బు కట్టారు, ఖాయం చేశాక ఎన్ని ఆర్డర్లు రద్దు చేశారు లేదా మార్చారు, సరఫరాదారుల మీద ఎంత మొత్తానికి డెబిట్ నోట్లు వేశారు, ఏయే ఫ్యాక్టరీల్లో కుట్టిస్తున్నారు. జవాబు ఇవ్వకపోతే, ఇవ్వలేదనే వేయండి.

ఇట్లు,
ఒక మాజీ మర్చండైజర్
(పేరు ప్రచురించవద్దని మనవి)