పట్టు ముందు టైరుకు, మన్నిక వెనుక టైరుకు

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యాయి. రోజంతా బండి మీద తిరిగేవాళ్లకు పనికొచ్చే ఒక మాట మీ పత్రిక ద్వారా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పరకాల ప్రాంతంలో గోపాలమిత్రను, ఊరూరా తిరిగి ఆవులకు, బర్రెలకు కృత్రిమ గర్భధారణ సూదులు వేస్తాను. పొద్దున ఎదకొచ్చిన ఆవుకు సాయంత్రానికల్లా సూది వేయాలి. వాన తగ్గాక వస్తానంటే కుదరదు. అదను తప్పితే రైతు మళ్లీ మూడు వారాలు ఆగాలి. బండికి కట్టుకున్న క్యాన్‌లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని ఉంటుంది. బండి జారితే నాకు దెబ్బలు తగలడమే కాదు, అందులోని వీర్యం నింపిన స్ట్రాలన్నీ పాడవుతాయి. అందుకే టైర్ల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

టైర్ల షాపుకు వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని కిలోమీటర్లు వస్తది?" అనే. పైసలు పెట్టేవాళ్లు అలా అడగడం సహజమే. కానీ మెత్తటి రబ్బరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, తొందరగా అరుగుతుంది. గట్టి రబ్బరు చాలాకాలం వస్తుంది, తడి రోడ్డు మీద జారుతుంది. సిలికా కలిపిన టైర్లు వానలో పట్టు ఇస్తూ కొంత మన్నుతాయి కానీ ధర ఎక్కువ. రెండూ పూర్తిగా ఇచ్చే టైరు ఎక్కడా దొరకదు.

అయితే బండికున్న రెండు టైర్ల పని ఒకటి కాదు. బ్రేకు వేయగానే బరువంతా ముందుకొస్తుంది, ఆపే పని ఎక్కువగా ముందు టైరే చేస్తుంది. వెనుక టైరు కాస్త జారినా చాలాసార్లు బండిని నిలబెట్టుకోవచ్చు. ముందుది జారితే కాలు ఆనించేలోపే కింద ఉంటాం. మరోవైపు, ఇంజన్ లాగుడు, మనిషి బరువు, సామాను ఎక్కువగా వెనుక టైరు మీదే పడతాయి కాబట్టి అదే ముందు అరుగుతుంది. అందుకని పట్టున్న టైరు ముందు వేయించండి, ఎక్కువకాలం వచ్చే టైరు వెనుక వేయించండి. ముందు టైరు ఎటూ నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి అక్కడ మెత్తటి రబ్బరు కొన్నా నష్టం లేదు. మా ఊళ్లలో దీనికి సరిగ్గా ఉల్టా జరుగుతోంది. వెనుక మాత్రం కొత్తది వేయించి, ముందుది నున్నగా అయ్యేదాకా నడుపుతున్నారు.

గాడుల మధ్య అక్కడక్కడా చిన్న రబ్బరు గట్లు కనిపిస్తాయి. టైరు అరిగి ఆ గట్లతో సమమైందంటే మార్చాల్సిందే. ఇంకా కొంతకాలం నడుస్తుందని అరిగిన టైరుకు కత్తితో గాట్లు పెట్టించేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. ఆ కత్తి లోపలి దారాల దాకా దిగుతుంది.

కొనేముందు టైరు పక్కన నాలుగంకెలు చదవండి. 3224 అని ఉంటే 2024లో 32వ వారం, అంటే ఆగస్టులో తయారైందని లెక్క. ఏళ్ల తరబడి షాపులో ఉన్న టైరు కంటికి కొత్తగానే ఉంటుంది, రబ్బరు మాత్రం గట్టిపడుతుంది. కొత్త టైరు వేయించాక మొదటి వంద కిలోమీటర్లు పైలంగా నడపాలి, పైపొర నునుపు పోవాలి. గాలి ఎంత ఉండాలో బండి మీద రాసి ఉంటుంది, టైర్లు చల్లగా ఉన్న పొద్దుటిపూటే చూసుకోవాలి. గాలి తక్కువైతే అంచులు, ఎక్కువైతే నడుమ అరిగి, మన్నిక కోసం పెట్టిన డబ్బు అక్కడే పోతుంది.

ఎంత మంచి టైరైనా యాసంగిలో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద ఆగదు. భూపాలపల్లి రోడ్డులో ఇసుక లారీలు మలుపుల్లో రాల్చే ఇసుక మీదా ఆగదు. కల్లాలకు జాగా లేక రైతులు రోడ్డెక్కుతున్నారని నాకు తెలుసు, వాళ్లను తప్పుపట్టను. కనీసం మలుపుల్లో పోయకుండా ఊరివాళ్లే చూసుకోవాలి. ఇసుక లారీలకు పట్టాలు కప్పించాల్సింది అధికారులు.

రవాణా శాఖను కోరేది ఒకటుంది. లైసెన్సు పరీక్షలో అరిగిన టైరును గుర్తుపట్టే ప్రశ్న ఒకటి పెట్టండి. షాపులవాళ్లు కూడా బిల్లు మీద టైరు తయారైన వారం, సంవత్సరం రాసి ఇవ్వాలి. అది రాయడానికి వాళ్లకు ఖర్చేమీ ఉండదు.

— ఒక గోపాలమిత్ర,
పరకాల, హనుమకొండ జిల్లా