నెట్‌వర్క్ ఒప్పందం మధ్యలో తెగితే పాలసీదారు గతేమిటి?

గౌరవనీయులైన ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) ఛైర్మన్ గారికి,

నమస్కారం. మీ ప్రధాన కార్యాలయం ఉన్న ఈ హైదరాబాద్‌లోనే, పెద్ద ఆసుపత్రుల ఇన్సూరెన్స్ డెస్కుల దగ్గర ఒక మాట తరచూ వినబడుతోంది. “పోయిన నెల దాకా మీ కంపెనీతో టైఅప్ ఉందండీ, ఇప్పుడు లేదు. డిపాజిట్ కట్టి చేర్పించండి, తర్వాత రీయింబర్స్‌మెంట్ పెట్టుకోండి.” చేతిలో కార్డు ఉంటుంది, ప్రీమియం మొత్తం కట్టే ఉంటారు. అయినా రాత్రికి రాత్రి నగలు తాకట్టు పెట్టాల్సి వస్తోంది.

ఏ ఆపరేషన్‌కు ఎంత, గది అద్దె ఎంత అన్నది బీమా కంపెనీ, ఆసుపత్రి కూర్చుని రాసుకుంటాయి. అదే నెట్‌వర్క్ ఒప్పందం. ఆ కాగితం మేం చూడం. వాళ్లకు రేట్ల దగ్గర చెడితే మాత్రం క్యాష్‌లెస్ (బిల్లును కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే సదుపాయం) ఆగేది మాకే. 2025 ఆగస్టులో ఆసుపత్రుల సంఘం ఏహెచ్‌పీఐ, సెప్టెంబరు 1 నుంచి బజాజ్ అలయంజ్ పాలసీదారులకు క్యాష్‌లెస్ ఆపేయమని ఉత్తరాది ఆసుపత్రులకు చెప్పింది. తర్వాత చర్చలతో సద్దుమణిగింది కానీ, ఆ కొన్ని రోజులు ఆపరేషన్ తేదీ దగ్గర పడ్డవాళ్లు ఎంత హడలిపోయి ఉంటారు! పాత రేట్లు గిట్టుబాటు కావన్న ఆసుపత్రుల మాటను నేను కొట్టిపారేయను. రేట్ల సవరణకు ఒక గడువు, ఒక పద్ధతి ఉండాల్సిందే.

2024 మే నెల సర్క్యులర్‌లో గంటలో క్యాష్‌లెస్ అనుమతి, మూడు గంటల్లో డిశ్చార్జి అనుమతి ఇవ్వాలన్నారు. ఆలస్యమైతే ఆసుపత్రి వేసే అదనపు బిల్లు కంపెనీ వాటాదారుల నిధి నుంచే కట్టాలన్నారు. చాలా మంచి నిబంధన. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్ ఇచ్చే ‘క్యాష్‌లెస్ ఎవ్రీవేర్’ కూడా వచ్చింది. కానీ దానికి ఆసుపత్రి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మళ్లీ డిపాజిట్టే.

ఆసుపత్రులు మీ పరిధిలో లేవు, నిజమే. వైద్యం రాష్ట్రాల చేతిలో ఉంది. కానీ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టే బీమా కంపెనీ మీరిచ్చిన రిజిస్ట్రేషన్‌తోనే వ్యాపారం చేస్తోంది. ఫలానా షరతు లేని నెట్‌వర్క్ ఒప్పందం చెల్లదని దానికి మీరు చెప్పొచ్చు.

ఆ షరతు ఇది: ఒప్పందం తెగినా, అప్పటికే పాలసీ తీసుకున్నవారికి రెన్యువల్ తేదీ దాకా అదే ఆసుపత్రిలో అవే రేట్లకు క్యాష్‌లెస్ సాగాలి. కీమో, డయాలిసిస్ మధ్యలో ఉన్నవారిని ఆ తేదీ దాటినా వదిలేయకూడదు. వేరే కంపెనీకి పోర్ట్ అవుదామన్నా రెన్యువల్ దాకా ఆగాల్సిందే కదా! మేం ఆగాల్సినన్నాళ్లు వాళ్లూ కట్టుబడి ఉండాలి.

దీనిపై ముసాయిదా విడుదల చేసి, పాలసీదారుల అభిప్రాయాలు కూడా తీసుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాలసీదారు, హైదరాబాద్