మలేరియా కిట్‌లో ఆనని గీత

సంపాదకులకు,

అయ్యా, మన గోదావరి డెల్టాలో దోమ అనగానే బోదకాలు గుర్తొస్తుంది. మలేరియా అంటే రంపచోడవరం, చింతూరు కొండల జబ్బు అని నిశ్చింతగా ఉంటాం. కొండకూ పల్లానికీ మధ్య పనుల కోసం రాకపోకలు సాగుతున్నంత కాలం ఆ నిశ్చింతకు అర్థం లేదు.

మొన్న ఊడ్పుల్లో జ్వరపడిన ఒక కూలీకి మా ఊరి ఆశా కార్యకర్త వేలు పొడిచి, రక్తపు చుక్క కిట్‌లో వేసి, పావుగంట ఆగి వెలుతురుకు ఎత్తి చూశారు. కిట్ సరిగా పనిచేసిందని చెప్పే కంట్రోల్ గీత ఎర్రగా వచ్చింది. పక్కన, మలేరియా ఉంటే రావలసిన చోట, ఉందో లేదో తెలియనంత లేత గీత. అటూ ఇటూ తిప్పి, చివరికి పక్కింటి కుర్రాడిని పిలిచి చూడమన్నారు. ఇందులో ఆమె తప్పేమీ లేదు. చాలా కిట్లలో ఆ రంగు బంగారు నానోకణాలది. రక్తంలో పరాన్నజీవులు తక్కువగా ఉంటే గీత కంటికి ఆనదు.

దీనికి విరుగుడు ప్రయోగశాలల్లో తయారవుతోంది. బంగారానికి బదులు యూరోపియం అనే లోహపు సమ్మేళనాలు వాడితే అతినీలలోహిత దీపం కింద గీత ఎర్రగా వెలుగుతుంది. పాత కలర్ టీవీలకు ఎరుపునిచ్చింది ఈ లోహమే. అదే దీపం కింద రక్తం, కిట్‌లోని కాగితం నుంచి వచ్చే మెరుపు నానోసెకన్లలో ఆరిపోతుంది. యూరోపియం వెలుగు దాదాపు మిల్లీసెకను నిలుస్తుంది. ఆ మెరుపు ఆరాక చూసే పరికరానికి అసలు సంకేతమే మిగులుతుంది. ఇరిడియం అనే లోహానిది మరో దారి. ప్రాణాంతక మలేరియా తెచ్చే ఫాల్సిపేరం పరాన్నజీవి రక్తంలోకి వదిలే హెచ్‌ఆర్‌పీ-2 ప్రోటీన్‌లో దాదాపు మూడో వంతు హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లమే. కొన్ని ఇరిడియం సమ్మేళనాలు దాన్ని పట్టుకోగానే వెలుగుతాయి.

వెలుగు పెరిగితే చాలదు. హెచ్‌ఆర్‌పీ-2 జన్యువే లేని ఫాల్సిపేరం పెరూలో ఉన్నట్టు 2010లో బయటపడింది. తర్వాత ఆఫ్రికాలోనూ, మన దేశంలోనూ కనిపించింది. ఆ ప్రోటీన్‌నే వెతికే కిట్ ఎంత మెరిసినా దాన్ని పట్టలేదు. పైగా జబ్బు నయమయ్యాక కూడా ఆ ప్రోటీన్ వారాల తరబడి రక్తంలో ఉండి, లేని జబ్బును చూపిస్తుంది. బతికున్న పరాన్నజీవి తయారుచేసే ఎల్‌డీహెచ్ ఎంజైమును పట్టి వెలిగే సమ్మేళనాలకే (ప్రోబ్‌లకే) ప్రభుత్వం ముందుగా నిధులివ్వాలి.

2027 కల్లా స్థానికంగా ఒక్క కేసూ రాకూడదని, 2030 కల్లా మలేరియాను నిర్మూలించాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. కేసులు తగ్గేకొద్దీ పరీక్షకు చిక్కకుండా మిగిలేది లేత గీత మనుషులే. అందుకే ఈ కొత్త కిట్లను ఏసీ గదుల్లో కాదు, మన శ్రావణపు ఉక్కలో, కరెంటు పోయిన రాత్రి, ఆశా కార్యకర్తల చేతుల్లో పరీక్షించాలి. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల, ఇక్కడి విశ్వవిద్యాలయాల రసాయనశాస్త్ర శాఖలు కలిసి ఆ పనికి పూనుకోవాలని కోరుతున్నాను. ఆ కొత్త కిట్లు వచ్చేదాకా, ఇప్పటి కిట్ నెగెటివ్ చూపినా జ్వరం తగ్గని ప్రతి మనిషికీ రక్తపు స్లైడు తీసి మైక్రోస్కోపులో చూడాలి. చూసే టెక్నీషియన్లు లేని ఆరోగ్య కేంద్రాల్లో ఆ ఖాళీలను వచ్చే వానలకు ముందే నింపాలి.

– విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, మండపేట