ఈ నెల వార్తాలేఖ: శనివారం మ్యాచ్, మిగిలిన ఫుట్‌బాల్ సీజన్

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

శనివారం మండల స్థాయి సెమీఫైనల్లో మన అండర్-14 గోల్‌కీపర్ కళ్లు తిరిగి కూలబడ్డ సంగతి ఈపాటికి అందరికీ తెలిసింది. తెలిసిన తీరే నాకు బాధ కలిగించింది. బాబును ఐసీయూలో పెట్టారని, పీఈటీ సార్ మంచినీళ్లు కూడా ఇవ్వకుండా ఎండలో ఆడించారని సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. రెండూ నిజం కావు. నేను ఆ గ్రౌండ్ పక్కనే కూర్చున్నాను. అక్కడ జరిగింది జరిగినట్టు చెబుతాను. బాబు వాళ్ల అమ్మగారు సరేనన్నాకే రాస్తున్నాను.

రెండో సగం మొదలైన కాసేపటికి బాబు ఒక చేత్తో గోల్‌పోస్టు పట్టుకున్నాడు. గ్లవ్స్ సర్దుకుంటున్నాడేమో అనుకున్నాను. అంతలోనే పోస్టు వెంబడి మెల్లగా కిందికి జారి కూర్చుండిపోయాడు. రెఫరీ వెంటనే ఆట ఆపారు. సార్ ఒక్క పరుగున వెళ్లి నీడకు తీసుకొచ్చి, పడుకోబెట్టి, కాళ్ల కింద రెండు కిట్ బ్యాగులు పెట్టి, మెడకు తడిగుడ్డ చుట్టారు. తేరుకున్నాక కొంచెం కొంచెంగా ఓఆర్ఎస్ తాగించారు. వాడు కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట "స్కోరెంత మేడం?" అని. డాక్టరుకు చూపించి, అమ్మగారికి అప్పగించాం. సోమవారం ప్రార్థనకు అందరికంటే ముందే వచ్చి నిలబడ్డాడు.

ఆరోజు పొద్దున వాడు తిన్నది ఏమీ లేదు, తాగింది ఒక కప్పు టీ. అది ఒక్క ఇంటి సంగతి కాదు. సోమవారం జట్టులోని పదహారు మందినీ కూర్చోబెట్టి అడిగితే, తొమ్మిది మంది శనివారం ఏమీ తినకుండానే వచ్చామన్నారు. రాత్రి ఎన్నింటికి పడుకున్నారంటే సగం మంది తల దించుకున్నారు. ఫోన్లు ఎక్కడ పెట్టుకుని పడుకుంటారంటే దిండు కింద అన్నారు. మీ ఇంటి విషయాల్లో తలదూర్చడం నాకు ఇష్టం లేదు. కానీ రాత్రి పదింటికి ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టడం, పొద్దున రెండు ఇడ్లీలు తినిపించి పంపడం బడి చేయగల పనులు కావు. అవి మీరే చేయాలి, దయచేసి చేయండి. మా వైపు పొరపాటు కూడా ఉంది. బస్సు ఎక్కించే ముందు తిన్నారా అని మేం అడగలేదు. ఇకమీదట మ్యాచ్ ఉన్న రోజు పొద్దున బడిలోనే ఉప్మా, అరటిపండు పెడతాం. తినని పిల్లవాడు బస్సెక్కడు.

ఇక ఆట సంగతి. సబ్ గోల్‌కీపర్ వేలికి దెబ్బ తగిలి ఇంట్లో ఉన్నాడు. అప్పుడు ఎనిమిదో తరగతి బి సెక్షన్‌లోని మన లెఫ్ట్ బ్యాక్, ఎవరూ అడక్కుండానే, "నేను నిలబడతా సార్" అని గ్లవ్స్ తీసుకున్నాడు. ఆ గ్లవ్స్ వాడి చేతులకు వదులు. షూ లేసులతో మణికట్టు దగ్గర బిగించి కట్టుకున్నాడు. రెండు గోల్స్ ఆపాడు, అందులో ఒకటి కుడివైపు గాల్లోకి దూకి వేళ్ల కొసలతో. చివర్లో కార్నర్ నుంచి వచ్చిన బంతి ఒక్కటి చేజారింది, 1-0తో ఓడాం. ఇంటికి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాడు. వాడి అమ్మానాన్నలకు ఈ లేఖ ద్వారా చెబుతున్నాను: ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంత గర్వంగా నేను చప్పట్లు కొట్టిన సందర్భాలు చాలా తక్కువ. మండల జట్టుకు మన వాళ్లు ముగ్గురు ఎంపికయ్యారు. అందులో వాడూ ఉన్నాడు, మన గోల్‌కీపరూ ఉన్నాడు.

అమ్మాయిల జట్టు తమ మొదటి మ్యాచ్ తొమ్మిది మందితో ఆడింది. ఏడుగురుంటే ఆట మొదలుపెట్టవచ్చని నిబంధన ఉంది కాబట్టి సరిపోయింది. రాని ఇద్దరినీ ఇంట్లో ఫంక్షన్ ఉందని ఆపేశారు. అదే వారంలో అబ్బాయిల్లో ఒక్కరినీ ఆపలేదు. ఆ తొమ్మిది మంది 2-2తో డ్రా చేసి వచ్చారు. మన నిజామాబాద్ అమ్మాయి సౌమ్య గుగులోత్ భారత జట్టుకు ఆడుతోంది, క్రొయేషియా క్లబ్ దాకా వెళ్లింది. ఏ మ్యాచ్ రోజునో ఇంట్లో ఆపేసి ఉంటే వెళ్లగలిగేదా?

పరీక్షలయ్యేదాకా ఫుట్‌బాల్ ఆపేయమని కొందరు తల్లిదండ్రులు సంతకాలు పెట్టి ఇచ్చారు. గౌరవంగానే చెబుతున్నాను, ఆపను. మన బడికి కూతవేటు దూరంలో ఉన్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. రోమ్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. ఆ జట్టును తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ, వృత్తి రీత్యా బడి పంతులు. ఫైనల్లో 2-1తో దక్షిణ కొరియాను ఓడించేనాటికే ఆయన క్యాన్సర్‌తో ఉన్నారు, మరుసటి ఏడాదే పోయారు. ఒక పంతులు ఇదే ఊళ్లో పిల్లలకు బంతి ఇచ్చి అంత పని చేశారు. మనమేమో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో గేమ్స్ పీరియడ్ కూడా లాగేసుకుంటున్నాం. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి గ్రౌండ్‌లో పిల్లలే కనిపించడం లేదు. వారానికి నాలుగు గేమ్స్ పీరియడ్లు టైం టేబుల్‌లో ఉన్నాయి, ఉంటాయి. ఏ సబ్జెక్టు టీచరూ వాటిని అప్పు తీసుకోరు. ఈ మాట స్టాఫ్ మీటింగ్‌లో కూడా చెప్పాను.

లైను పక్కన నిలబడే నాన్నలకు ఒక మనవి. త్రో-ఇన్ నుంచి, అంటే పక్క గీత దాటిన బంతిని చేతులతో లోపలికి విసిరినప్పుడు, నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ (ఎదుటి జట్టు డిఫెండర్లను దాటి ముందే నిలబడి బంతి అందుకున్న తప్పు) ఉండదు. రెఫరీ మీద కేకలు వేస్తే తలవంపులు మీ పిల్లలకే. మీరు అరిచినప్పుడు మావాడొకడు బంతి వదిలేసి మీ వైపే చూశాడు.

ఎఫ్ఏ-2 ప్రోగ్రెస్ కార్డులు సంతకం చేసి పంపండి. రెండో టర్మ్ ఫీజు గడువు నెలాఖరు. స్వెట్టర్లు నేవీ బ్లూ మాత్రమే.

జిల్లా ఎంపికలు వచ్చే శుక్రవారం. ఎంపికైన ముగ్గురి జనన ధ్రువపత్రం, ఆధార్ జిరాక్సులు బుధవారంలోగా ఆఫీసులో ఇవ్వండి. బోనఫైడ్ మీద సంతకం చేసి ఉంచాను. షిన్ గార్డులు లేకపోతే ఆడనివ్వరు. కొనలేనివాళ్లు మొహమాటపడకుండా సార్‌కు చెప్పండి, బడి దగ్గర రెండు జతలున్నాయి. బస్సు ఏడింటికి బయల్దేరుతుంది, ఆరున్నరకే రండి, ఉప్మా వేడిగా ఉంటుంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు