లారీ వెనక ఫోన్ నంబరు

విజయవాడ,
మంగళవారం రాత్రి

చిరంజీవి అమ్మడుకి నాన్న ఆశీస్సులు.

ఫోన్‌లో చెబితే "సరే నాన్నా, సరే నాన్నా" అని రెండుసార్లు అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. మొన్న నీ కారులో హైదరాబాద్ నుంచి వస్తుంటే, సూర్యాపేట దాటాక ఒక కంటైనర్ లారీ వెనక చేరావు. కోదాడ దాకా దాన్ని వదల్లేదు. వెనక డోరు మీద చిన్న అక్షరాలతో ఉన్న ఫోన్ నంబరు పైకి చదివి, "చివరి నాలుగంకెలూ అమ్మ నంబరే నాన్నా" అని నవ్వావు. స్టీరింగ్ పట్టుకున్న మనిషిని కంగారు పెట్టకూడదని నేను నోరు మూసుకున్నాను. నా కుడికాలు మాత్రం కోదాడ వచ్చేదాకా లేని బ్రేకు తొక్కుతూనే ఉంది.

లారీ గాలిని చీల్చుకుంటూ పోతుంది, దాని వెనక ఉంటే మనకి పెట్రోలు మిగులుతుంది అన్నావు. అబద్ధం కాదు. పెళ్లికి ముందు నేను ఆటోనగర్‌కి సైకిల్ మీద వెళ్లేవాణ్ణి. ఎదురుగాలి ఉన్న రోజు ఇసుక ట్రాక్టరు దొరికితే దాని వెనకే తొక్కేవాణ్ణి. సగం కష్టం తగ్గేది. ఒక రోజు గేదె అడ్డం వచ్చి ట్రాక్టరు ఆగింది. నేను ఆగలేదు. నా ముందు పన్ను సగమే ఎందుకుందని చిన్నప్పుడు అడిగేదానివి కదా, చెరుకు కొరికితే విరిగిందని చెప్పాను. చెరుకు కాదు.

లారీ ముందుభాగం ఎప్పుడూ కాస్త శుభ్రంగానే ఉంటుంది, వెనక డోరు మీద మాత్రం దుమ్ము పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించావా? పెద్ద గోడలాంటి బాడీ ముందుకు దూసుకుపోతే, వెనక ఏర్పడిన ఖాళీలోకి గాలి సుడులు తిరుగుతూ వచ్చి పడుతుంది. రోడ్డు మీది దుమ్మునంతా లాక్కొచ్చి ఆ డోరుకే కొడుతుంది. నువ్వు మొన్న కారు పెట్టింది ఆ సుడిలోనే.

నువ్వు పంపిన వీడియో కూడా చూశాను. అమెరికాలో టీవీ షో వాళ్లు గంటకి 88 కిలోమీటర్ల వేగంతో పోయే పెద్ద లారీ వెనక కారు నడిపించి కొలిచారు. వంద అడుగుల దూరంలో మైలేజీ 11 శాతం పెరిగింది, పదడుగుల దూరంలో 39 శాతం. ఇంకా దగ్గరగా, రెండడుగులకి వెళ్తే లాభం పెరగాల్సింది పోయి తగ్గింది. దూరం కాపాడుకోవడానికి నడిపేవాడు యాక్సిలరేటర్ మీద కాలు ఆడిస్తూనే ఉండాలి కదా మరి. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి నువ్వు వీడియో ఆపేసి ఉంటావు.

సరే, డబ్బు లెక్క చూద్దాం. 270 కిలోమీటర్లు, నీ కారు లీటరుకి 18 ఇస్తుందంటున్నావు. అంటే 15 లీటర్లు. లీటరు 107 లెక్కన 1,605 రూపాయలు. దారంతా వంద అడుగుల వెనకే ఉన్నా నీకు మిగిలేది 160. పదడుగులకి వెళ్తే 450. కానీ ఆ వేగంలో పదడుగులు అంటే సెకనులో ఎనిమిదో వంతు తల్లీ. ముందు బండి ఆగుతోందని చూసి, మన కాలు ఒక పెడల్ మీంచి ఇంకో పెడల్ మీదికి వెళ్లడానికే దాదాపు సెకను పడుతుంది. మొన్న మనం ఉన్నది పాతిక ముప్ఫై అడుగుల్లో. 80 వేగంలో కారు సెకనుకి దాదాపు 73 అడుగులు పోతుంది. మిగతా లెక్క నువ్వే చేసుకో, ఇంజనీరువి.

"లోడుతో ఉన్న లారీ నా కారంత తొందరగా ఆగలేదు కదా" అంటావు. నిజమే, బ్రేకే వేస్తే. ఎదురుగా రోడ్డు మీద ఆగిపోయిన ట్రాక్టరు కనిపిస్తే లారీవాడు బ్రేకు వెయ్యకుండా చివరి నిమిషంలో పక్క లేన్‌లోకి కోసేస్తాడు. అప్పటిదాకా నీకు కనిపించింది డోరు. ఆ తర్వాత కనిపించేది ట్రాక్టరు. మన రోడ్ల మీద ఆగిన బండి వెనక రాళ్లూ చెట్టుకొమ్మలూ పెడతారు, బండి వెళ్లిపోయాక వాటిని అక్కడే వదిలేస్తారు. రాళ్లు లారీ చక్రాల మధ్య నుంచి పోతాయి. నీ కారు కింద పట్టవు. ఇక పాత టైరుకి కొత్త రబ్బరు అతికించి తిప్పేవాళ్లు చాలామంది. ఎండకి ఆ పట్టీ ఊడితే నేరుగా వెనకవాడి అద్దం మీదికే వస్తుంది. వెనక లైట్లు వెలుగుతాయన్న నమ్మకం కూడా పెట్టుకోకు. ఆ వైర్లు బురదలో, నీళ్లలో నానుతూ ఎంతకాలం ఉంటాయో లారీ బాడీలు కట్టే మా షెడ్డులో రోజూ చూసేవాణ్ణి. మా దగ్గరికి వచ్చిన బళ్లలో రెండు లైట్లూ సరిగ్గా వెలిగేవి తక్కువ.

ముప్ఫై ఏళ్లు లారీ బాడీలు కట్టినవాణ్ణి, ఆ వెనక భాగం గురించి నాకు తెలిసినంత నీకు తెలియదు. లారీ ఫ్లోర్ దాదాపు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. నీ కారు బానెట్ దానికన్నా కింద. అందుకే వెనక అడ్డంగా ఇనుప గార్డు బిగించాలని రూలు పెట్టారు, నేల నుంచి 55 సెంటీమీటర్లకి మించకూడదు. కొందరు ఓనర్లు పేరుకి ఒక పైపు వెల్డ్ చేయించుకుని, ఆర్టీవో ఆఫీసులో బండి పాసింగ్ అయ్యాక మర్చిపోతారు. ఒకసారి వెనక కారు గుద్దిన లారీ ఒకటి మా షెడ్డుకి వచ్చింది. గార్డు వంగింది, నంబరు ప్లేటు పోయింది, ఒక లైటు పగిలింది. నాలుగు వేల పని, సాయంత్రానికి ఇచ్చేశాం. కారు సంగతి డ్రైవర్ చెప్పలేదు. మేమూ అడగలేదు. గార్డు లోపలి వైపు కారు టాపు రంగు అంటుకుని ఉంది, దాన్ని గీకింది నేనే.

విదేశాల్లో లారీలే ఒకదాని వెనక ఒకటి దగ్గరగా పోతున్నాయి కదా అని వాదిస్తావేమో. 2016లో యూరప్‌లో ఆరు కంపెనీల లారీలు అలా వరసగా రోటర్‌డామ్ దాకా వెళ్లాయి. కానీ వాటిని వైర్‌లెస్‌తో కలిపారు. ముందు లారీ బ్రేకు వేస్తే వెనకదానికి అదే క్షణంలో పడుతుంది. నీకూ ఆ కంటైనర్ డ్రైవర్‌కీ మధ్య ఏముంది? వాడి సైడు అద్దాలు నీకు కనిపించనంత దగ్గరగా ఉన్నావంటే, వెనక నువ్వున్నట్టు కూడా వాడికి తెలియదు.

అసలు మాట ఇప్పుడు చెబుతాను. లారీ వెనక వచ్చిన రోజు 21 మైలేజీ వచ్చిందని సంబరపడ్డావు. అందులో లారీ గొప్ప ఎంతుందో గానీ, నీ వేగం గొప్ప చాలా ఉంది. లారీలకి 80 దాటకూడదని పరిమితి. దాని వెనక ఉన్నంతసేపూ నువ్వూ 80లోనే వచ్చావు. రోజూ 100 తొక్కుతావు. 100 నుంచి 80కి దిగితే గాలి ఆపే బలం మూడో వంతుకి పైగా తగ్గుతుంది, వేగాన్ని వేగంతో హెచ్చవేసి చూసుకో. అదే 80లో, ముందు ఎవరూ లేని రోడ్డు మీద రా. లారీ ఉంటే అది ఒక స్తంభం దాటగానే లెక్కపెట్టు, నువ్వు ఆ స్తంభం చేరేసరికి మూడు సెకన్లు అవ్వాలి. వానలో ఇంకా ఎక్కువ. ఎవడో మధ్యలో దూరతాడు, దూరనివ్వు.

ఇల్లు మారినప్పుడు టాప్ మీద వేయించిన క్యారియర్ ఇంకా అలాగే ఉంది. ఖాళీ క్యారియర్ కూడా గాలికి అడ్డమే, ఈ వారం విప్పించు. టైర్లలో గాలి మొన్న నేను చూశాను, ముందు ఎడమదాంట్లో బాగా తక్కువగా ఉంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ బోర్డులు కనపడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్యి, కారు దానంతటదే నెమ్మదిస్తుంది. చివర్లో బ్రేకు కొట్టి ఆపితే అప్పటిదాకా కాల్చిన పెట్రోలంతా బ్రేకు షూల పాలు.

డబ్బు ఇబ్బందిగా ఉంటే నాతో చెప్పు. కారు వాయిదా, ఇంటద్దె కట్టాక నీ చేతిలో ఏం మిగులుతుందో నాకు తెలియదనుకోకు.

శనివారం వచ్చేటప్పుడు చిల్లకల్లు టోల్ దాటాక ఒక ఫోన్ చెయ్యి. నడుపుతూ కాదు, పక్కకి ఆపి. అక్కణ్ణుంచి 80లో వస్తే గంట పైనే పడుతుంది. అప్పుడు అమ్మ బియ్యం కడుగుతుంది.

పన్ను సంగతి అమ్మకి తెలియదు.

మీ నాన్న