బట్టమేక కంటే ముందు బీడు

సంపాదకుడికి,

రాజస్థాన్‌లోని సమ్, రామ్‌దేవ్‌రా సంతానోత్పత్తి కేంద్రాల్లో బట్టమేక పక్షి పిల్లలు పెరుగుతున్నాయన్న వార్త వచ్చినప్పుడల్లా, మన నంద్యాల జిల్లా రోళ్లపాడుకూ నాలుగు తెస్తే బాగుండుననిపిస్తుంది. ఇప్పుడే తెస్తే చేతులారా చంపుకున్నట్టే. ఈ పక్షి కోసమే 1988లో 614 హెక్టార్లను అభయారణ్యం చేశారు. అయినా ఇటీవలి ఏళ్లలో అక్కడ అది కనబడటమే గగనమైంది.

బట్టమేక సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. అదీ గూడు కట్టకుండా, కటిక నేల మీద. దాదాపు 27 రోజులు పొదగాలి. పశువులు దాపుకొచ్చినా, మనుషులు నడిచినా తల్లి లేచి పక్కకు పోతుంది. ఆ కాసేపట్లో కుక్కో కాకో గుడ్డు తినేస్తే ఆ ఏటి సంతానం అంతటితో సరి. అందుకే గుడ్లు పెట్టే బీళ్లను వానాకాలమంతా మేతకు మూసేయాలి. మూసినంత మేర కాపరులకు వేరేచోట గడ్డి చూపించాలి, లేకపోతే ఏ నిషేధమూ నిలవదు. వానలు వెనకబట్టాక మేపితే మంచిదే. గడ్డి మరీ ఏపుగా పెరిగితే పక్షికి దూరం కనబడదు.

పచ్చదనం పేరుతో బీట్లో మొక్కలు నాటడం ఆపాలి. చెట్టు లేని నేలను రికార్డుల్లో 'బంజరు' అని రాసుకోవడమే ఈ తప్పుకు మూలం. బీడును ఆక్రమించే సర్కారు తుమ్మను నేలమట్టంగా నరికితే ఒక్క మోడుకు పది కొమ్మలు లేస్తాయి. గుడ్ల కాలం ముగిశాక, చివరి వానలకు నేల ఇంకా మెత్తగా ఉండగానే మొదలంటా పెకలించాలి. పశువుల పేడతో గింజలు పడుతూనే ఉంటాయి కనుక ఆ తర్వాత కూడా ఏటా మొలకలు పీకాలి. ఒకసారి కాంట్రాక్టు ఇచ్చి మరిచిపోయే పని కాదిది.

అభయారణ్యం ఒక్కటే ఈ పక్షికి చాలదు. చుట్టూ ఉన్న జొన్న, కొర్ర, వేరుశనగ చేలల్లో మిడతలు ఏరుకు తిని బతికింది. సాగునీటితో పంటలు మారాయి, పురుగుమందు పెరిగింది. మెట్టపంట వేసే రైతుకు ఎకరాకు ఇంతని సాయం కట్టాలి. కృష్ణజింకలు మేసిన చేనుకు పరిహారం అదే పంటకాలంలో అందాలి. జింకల మీది కోపం బట్టమేక మీదకు మళ్లడం రోళ్లపాడులో చూసిందే.

ఇక కరెంటు తీగలు. మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. కళ్లు పక్కలకు ఉండటంతో ఎదుటి తీగ ఆలస్యంగా కనబడుతుంది, అంత బరువుతో చటుక్కున మళ్లలేదు. అభయారణ్యం చుట్టుపక్కల లైన్లను పక్షి రాకముందే భూమిలో వేయాలి. తీగ పక్షి కంటపడేలా తగిలించే బిళ్లలు (డైవర్టర్లు) గాలికి ఊడతాయి, ఎండకు వెలుస్తాయి. ఏటా చూసి మార్చే మనిషి లేకపోతే ఉన్నా లేనట్టే. కొత్త సోలార్, గాలిమరల లైన్లకైతే అనుమతి ఇచ్చేటప్పుడే ఈ ఖర్చును అంచనాలో చేర్పించాలి.

– ఒక పాఠకుడు, నందికొట్కూరు