యాదగిరిగుట్టకు బండి మీద వెళ్లొద్దు నాన్నా

ష్వైన్‌ఫుర్ట్, జర్మనీ
ఆదివారం

నాన్నా,

ఫోన్‌లో చెబితే "చూద్దాంలే" అని ఫోన్ అమ్మ చేతికిచ్చేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చిన్నోడు ప్రింట్ తీసి ఇస్తాడు. కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదువు.

నేను బాగున్నాను. ఆఫీసు పని మామూలే, కొత్త మేనేజర్ మంచావిడ. ఇక్కడ సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడుతోంది, అదొక్కటే కొంచెం దిగులు. తింటున్నానా అని అమ్మ బెంగ పెట్టుకోవద్దని చెప్పు. మొన్న గోంగూర సీసా మూత తీశాను. వేడన్నంలో నెయ్యి వేసుకుని తింటుంటే ఆ పూటంతా మన వంటింట్లోనే ఉన్నట్టనిపించింది. నానమ్మ మోకాలికి కొత్త మాత్రలు పడుతున్నాయా? ఖాళీ కడుపున ఇవ్వొద్దు.

ఇక బండి సంగతి. చిన్నోడు వెనక చక్రం తిప్పుతూ తీసి పంపిన వీడియోను చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మళ్లీ మళ్లీ విన్నాను. మన గల్లీ మెకానిక్ అన్న చైన్ శబ్దమని చెప్పి ఆయిల్ పెట్టి పంపాడు కదా. చైనుకు ఆయిల్ పడ్డాక కూడా ఆ గుయ్‌మనే మోత తగ్గలేదని అమ్మ అంటోంది. వెనక కూర్చునేది తను, తనకే బాగా తెలుస్తుంది. క్లచ్ పట్టి బండిని అలా వదిలినా మోత వస్తూనే ఉందని నువ్వే అన్నావు. ఇంజన్ శబ్దమైతే అప్పుడు పడిపోవాలి. బండి వేగంతో పాటు పెరిగి, వేగంతో పాటే తగ్గుతుంటే అది చక్రంతో తిరిగేదేదో చేస్తున్న శబ్దం. నా అనుమానం బేరింగుల మీదే, అంటే చక్రం నడిమధ్య హబ్‌లో ఉండి దాన్ని నున్నగా తిరగనిచ్చే ఉక్కు గుండ్ల రింగుల మీదే.

అనుమానం తీరాలంటే పది నిమిషాల పని. సెంటర్ స్టాండ్ వేసి, గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. నువ్వు స్వింగ్ ఆర్మ్‌ను, అంటే వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రాన్ని, కదలకుండా గట్టిగా పట్టుకో. చిన్నోణ్ణి టైరు పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఇటూ అటూ ఊపమను. తర్వాత ముందూ వెనకా పట్టి ఊపమను. స్వింగ్ ఆర్మ్ నిలబడి ఉండగా చక్రం మాత్రం టక్ టక్‌మని కదిలితే బేరింగులు అరిగినట్టే. స్వింగ్ ఆర్మ్ కూడా కలిసి కదిలితే తప్పు దాని కీలు దగ్గరుండే బుష్‌లది, అది వేరే పని. తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఇంకో చెయ్యి స్వింగ్ ఆర్మ్ మీద పెట్టి చూడండి. లోపల ఇసుక నలుగుతున్నట్టు చేతికి తెలిస్తే ఇక ఆలోచించేదేమీ లేదు. తిరిగే చక్రానికి, చైనుకు మాత్రం వేళ్లు దూరంగా ఉంచండి. ఒకవేళ చక్రం కదలకపోయినా నమ్మకం పెట్టుకోవద్దు. చక్రం విప్పి, బేరింగు లోపలి రింగులో వేలు పెట్టి మెల్లగా తిప్పాలి. మంచి బేరింగు నున్నగా, చప్పుడు లేకుండా తిరుగుతుంది. పోయినది ఆగి ఆగి తిరుగుతుంది, సీల్ అంచున, అంటే దాన్ని కప్పి ఉండే మూత అంచున, తుప్పు మరక కూడా కనిపించొచ్చు.

ఎందుకు పోయి ఉంటాయో కూడా నాకు తెలుసు. పోయిన వానల్లో మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు చక్రం సగం దాకా ఉన్నా నువ్వు బండి దింపావు. చుట్టూ తిరిగి రమ్మని అమ్మ మొత్తుకున్నా వినలేదు. ఆ మర్నాడే వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే వాళ్లు ఆ ప్రెషర్ గొట్టాన్ని తిన్నగా హబ్ మీదే పెట్టి కొడతారు. సీల్ దుమ్మును ఆపుతుంది, మామూలు వాన చినుకుల్ని ఆపుతుంది, ఆ ధారను ఆపలేదు. నీళ్లు ఒకసారి లోపలికి పోతే గ్రీజు చెడుతుంది, గుండ్లు దొర్లే గాడి తుప్పు పట్టి గుంటలు పడుతుంది. ఆ తర్వాత ఎంత ఆయిల్ పైన పోసినా లాభం లేదు.

నేనుండే ఈ ఊరు బేరింగుల ఊరని నీకు చెప్పానో లేదో. ఉక్కు గుండ్లన్నీ ఒకే కొలతలో, ఒకే గుండ్రంలో వచ్చేలా అరగదీసే యంత్రాన్ని 1883లో ఫ్రీడ్‌రిష్ ఫిషర్ అనే ఆయన ఇక్కడే చేశాడు. సైకిల్‌కు పెడల్ పెట్టింది ఆయన తండ్రేనని ఈ ఊళ్లో చెప్పుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1943 ఆగస్టులో ఒకసారి, అక్టోబర్‌లో ఇంకోసారి అమెరికా విమానాలు ఈ ఊరి మీద పెద్ద ఎత్తున బాంబులు వేశాయి. బేరింగులు ఆగితే జర్మనీ యంత్రాలన్నీ ఆగుతాయని వాళ్ల లెక్క. ఆ ఫ్యాక్టరీల పక్కనుంచి బస్సులో వెళ్లినప్పుడల్లా నాకు మౌలాలి గుర్తొస్తుంది. పెద్దమామయ్య అక్కడి ఎచ్‌ఎంటీ బేరింగ్స్ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిచ్చిన గుండ్లతో నేనూ చిన్నోడూ గోళీలాడిన వరండా గుర్తొస్తుంది. అది మూతపడ్డ రోజు మామయ్య అన్నం తినలేదని అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది. ఈ పనికి మామయ్యను పిలువు. ఆయన చేతికి బేరింగు అందితే చాలు, మిగతాది ఆయనే చూసుకుంటాడు. ఆయనకీ సంతోషంగా ఉంటుంది.

కొత్తవి రాణిగంజ్‌లో, బిల్లిచ్చే డీలర్ దగ్గర తీసుకోండి. రోడ్డు పక్కన సగం ధరకు ఇస్తామంటే వద్దు, పేరున్న కంపెనీల డబ్బాల్లో నకిలీలు వస్తున్నాయి. పాతదాని మీద నంబరు ఉంటుంది, అదే నంబరు అడగండి. ఉదాహరణకు 6301 అని ఉంటే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు, బయటి కొలత 37, మందం 12. 6202 అయితే 15, 35, 11. నంబరు పక్కన 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీల్ ఉన్నట్టు. మన రోడ్లకు అదే కావాలి. ఆయిల్ సీళ్లు కూడా కొత్తవే వేయండి. చాలా బండ్లలో వెనక హబ్‌లో రెండు బేరింగులు, చైన్ స్ప్రాకెట్ (చైను పట్టే పళ్ల చక్రం) ఉండే డ్రమ్ములో ఒకటి ఉంటాయి. ఒకటే పోయిందని ఒకటే మార్చొద్దు, అన్నీ మార్చెయ్యండి.

పాతవి తీసేటప్పుడు రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టాన్ని, స్పేసర్‌ను, కొంచెం పక్కకు జరిపి అవతలి వైపు నుంచి లోపలి రింగు చుట్టూ కొద్ది కొద్దిగా కొట్టాలి. ఒకే చోట కొడితే అడ్డం తిరిగి హబ్‌ను గీకేస్తుంది. ఆ గొట్టాన్ని మళ్లీ వేయడం మాత్రం మరిచిపోవద్దు నాన్నా, ఇది రెండుసార్లు చదువు. అది లేకుండా యాక్సిల్ నట్ బిగిస్తే బిగింపంతా బేరింగుల మీద పక్కనుంచి పడి కొత్తవి కూడా త్వరగా పోతాయి.

కొత్తవాటిని కవర్లోనే ముందురోజు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి, అమ్మతో నేను చెబుతాను. హబ్‌ను శుభ్రంగా తుడిచి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే బేరింగు సులువుగా దిగుతుంది. కొట్టేటప్పుడు దెబ్బ బయటి రింగు మీదే పడాలి. దానికి సరిపోయే పానా సాకెట్ పెట్టి కొట్టండి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోయి గాడిలో నొక్కులు పడతాయి, వేసిన రోజే పాడైనట్టు. పూర్తిగా కూర్చోగానే సుత్తి శబ్దం మారుతుంది, అది మామయ్యకు తెలుసు. ఒక వైపుది పూర్తిగా కూర్చున్నాక గొట్టం పెట్టి, రెండోదాన్ని గొట్టానికి ఆనేదాకా మాత్రమే దించండి. ఏ వైపు ముందన్నది బండి మాన్యువల్‌లో ఉంటుంది, బీరువాలో నీ ఇన్సూరెన్స్ కాగితాల కింద చూడు. చివర్లో బ్రేకు కడ్డీ దాని చోట పడిందో లేదో, చైను మరీ బిగుతుగా ఉందేమో చూడండి. బిగుతు చైను కూడా బేరింగులను తింటుంది.

అమ్మ మళ్లీ ఎప్పుడొస్తావని అడిగింది. సంక్రాంతికి సెలవు దొరకదమ్మా, ఉగాదికి అడిగాను. సంబంధాల మాట కూడా వచ్చాకే మాట్లాడుకుందాం, నేను తప్పించుకోవట్లేదు. ఇక్కడ ఒంటరిగా ఉన్నానని మీరు అనుకునేంత కష్టంగా లేను. రాత్రి ఫోన్ మోగితే మాత్రం గుండె ఝల్లుమంటుంది. అది మీకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. అరిగిన బేరింగుతో చక్రం వంకర తిరిగి చైను జారితే, వెనక అమ్మ ఉంటుంది.

కాబట్టి వచ్చే ఆదివారం గుట్టకు ఉప్పల్ నుంచి బస్సులో వెళ్లండి. మొక్కు బస్సులో వెళ్లినా తీరుతుంది. చిన్నోణ్ణి ఉప్పల్ దాకా కూడా ఆ బండి మీద దింపమనొద్దు, ఆటో డబ్బులు వాడి అకౌంట్‌లో వేశాను. బేరింగులు విప్పిన రోజు పాతవాటి ఫోటో నాకు పంపమను. నంబరు కనిపించేలా తీయమను, కొనే ముందు నేను కూడా చూస్తాను.

నానమ్మకు స్వెట్టర్ కొన్నాను. సైజు సరిపోతుందో లేదో, భుజం కొలత అమ్మను చెప్పమను.

నీ బుజ్జి